అసలూ-వడ్డీ: చోటిచ్చిన మనిషి

ఈ వేసవి సెలవులకు హొసపేట నుంచి మా అక్క తన మనవణ్ణి వెంటబెట్టుకుని బెంగళూరులో మా ఇంటికి వచ్చింది. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో అందరికీ చింటూ. పొద్దస్తమానం ఫోను చూస్తూ కూర్చుంటే కళ్ళు పోతాయని మా పేటలోని స్విమ్మింగ్ పూల్‌లో మూడు వారాల శిక్షణకు చేర్పించాను. రోజూ ఆరు గంటలకు వాణ్ణి స్కూటరు మీద తీసుకువెళ్ళి, గట్టుమీద తువ్వాలు పట్టుకుని నిలబడడం నా డ్యూటీ. ముప్పయ్యేళ్ళ బ్యాంకి ఉద్యోగంలో ఇంత టైముకు నేను ఏ పనికీ వెళ్ళి ఎరగను.

ఆఖరి రోజున పిల్లలకు పోటీ పెట్టారు. వాడి జట్టులో అందరికంటే వాడే వేగంగా ఈదుతాడు. బహుమతి తనదేనని ముందురోజు రాత్రే వాళ్ళమ్మకు ఫోను చేసి చెప్పేశాడు. తీరా పొద్దున్న గట్టుమీద వంగి నిలబడ్డాడు, ఈల వేయకముందే కాలు జారిందో, తొందరపడ్డాడో, ధబ్బున నీళ్ళలో పడ్డాడు. మాస్టారు చెయ్యి ఊపి పక్కకు రమ్మన్నారు. అంతే. మిగిలిన పిల్లలు ఈదారు, వీడు తువ్వాలు కప్పుకుని నా పక్కన నిలబడి చూశాడు.

ఇంటికి వచ్చాక ఏడుపు. మా అక్క వాడికి ఇష్టమని ఉగ్గాణి చేసి, మిరపకాయ బజ్జీలు వేయించింది. ముట్టలేదు. "నేను బాగా ఈదుతానని మాస్టారికి తెలుసు కదా తాతా, ఇంకో ఛాన్సు ఇస్తే ఏం పోయింది?" అని ఒకటే ప్రశ్న. అప్పుడు వాడికి చెప్పిన కథే ఇది. చెప్పడం పూర్తయ్యాక వాడు అడిగిన ఇంకో ప్రశ్న వల్ల ఈ సంచికకు రాయాలనుకున్న పెన్షన్ల సంగతి పక్కన పెట్టి, దీన్నే మీ ముందు పెడుతున్నాను.

ముందే ఒక మాట. నేను కామర్సు చదివినవాణ్ణి, ఆటల పండితుణ్ణి కాను. నా ఈతంతా బళ్ళారి పక్క పల్లెలో మా తాతగారి తోటబావిలో, వీపుకు బెండ్లు కట్టుకుని నేర్చిన ఈత. మునగకుండా తేలితే చాలు, దానికి సెకన్లు లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ ఉండేవారు కారు. కాని 2000లో సిడ్నీ ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు మా బ్రాంచిలో మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్లు విప్పితే అదే కబురు. మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది ఆ సిడ్నీలోనే. బెంగళూరు అమ్మాయి నిషా మిల్లెట్ 200 మీటర్ల ఫ్రీస్టయిల్ ఈదిందీ అక్కడే. ఆ రోజుల్లోనే టీవీలో నల్లటి నిలువు దుస్తులు వేసుకుని, సీలుచేపలా నీళ్ళను చీల్చుకుంటూ పోతున్న ఒక కుర్రవాణ్ణి చూశాను. వాడి పేరు ఇయాన్ థోర్ప్. అప్పటికి పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు.

థోర్ప్ 1982 అక్టోబరు 13న సిడ్నీలో పుట్టాడు. తండ్రి క్రికెట్ మనిషి. కొడుక్కి మాత్రం బంతి ఆటలు అచ్చిరాలేదు. క్రిస్టినా అని అతనికి ఒక అక్క ఉంది. ఆమె ఈతకు వెళ్తుంటే గట్టుమీద కూర్చుని చూసీ చూసీ విసుగుపుట్టి, అయిదేళ్ళ వయసులో తనూ నీళ్ళలోకి దిగాడు. అంటే దారి చూపింది అక్కే. ఆమె కూడా తర్వాత ఆస్ట్రేలియా జట్టు తరఫున ఈదింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

విచిత్రమేమిటంటే అతనికి పూల్ నీళ్ళలో కలిపే క్లోరిన్ పడేది కాదు. మొదట్లో తల నీళ్ళలో ముంచకుండా, మెడ పైకెత్తి ఈదేవాడట. అలా ఈదుతూనే పిల్లల పోటీల్లో గెలిచేవాడు. వయసు పెరిగే కొద్దీ ఆ బాధ తగ్గింది. మనిషి 196 సెంటీమీటర్ల ఎత్తు పెరిగాడు. పాదాలు మాత్రం అంతకు మించి పెరిగాయి. అమెరికా కొలతలో పదిహేడో నంబరు చెప్పులు. నా కాలికి ఎనిమిదో నంబరు వదులవుతుంది! ఆ పాదాలే అతనికి తెడ్లు. చేతులు ఒక చుట్టు తిరిగేలోపు కాళ్ళు ఆరుసార్లు కొట్టడం అతని పద్ధతి. పొట్టి పందేలవాళ్ళు అలా కొడతారు. పొడుగు పందేలలో అలసట వస్తుందని చాలామంది తగ్గించుకుంటారు. ఇతను 400 మీటర్లలోనూ, ముఖ్యంగా చివరి వంద మీటర్లలో, ఆ కాళ్ళ జోరుతోనే ఎదుటివాణ్ణి దాటేవాడు.

ఇక్కడ 400 మీటర్ల పందెం గురించి కాస్త చెప్పాలి. ఒలింపిక్ కొలను పొడవు 50 మీటర్లు. ఎనిమిది పొడవులు ఈదితే 400. ఇది అటు పొట్టిదీ కాదు, ఇటు పొడుగుదీ కాదు. యాభై మీటర్లయితే ఉన్నదంతా ఒక్కసారి ఖర్చు పెట్టేయవచ్చు. పదిహేను వందలయితే పొదుపుగా వాడుకోవాలి. నాలుగు వందల్లో పొదుపూ కావాలి, ఖర్చూ కావాలి. మొదటి వందలో ఒళ్ళు తెలియకుండా ఖర్చు పెట్టినవాడు, మూడో వందలో వడ్డీతో సహా కట్టుకోవాల్సి వస్తుంది. మరీ దాచుకున్నవాడికి చివర్లో ఖర్చు పెట్టే అవకాశమే ఉండదు. చిన్న వ్యాపారులకు అప్పులిచ్చే సీట్లో ఏళ్ళ తరబడి కూర్చున్నవాణ్ణి కనుక ఈ పందెం నాకు చూడగానే అర్థమయింది.

ఆ లెక్క థోర్ప్‌కు పుట్టుకతోనే తెలుసేమో అనిపిస్తుంది. 1998 జనవరిలో పెర్త్‌లో ప్రపంచ పోటీలు. అతనికి పదిహేనేళ్ళ మూడు నెలలు. తోటి ఆస్ట్రేలియావాడు గ్రాంట్ హాకెట్ చాలా ముందున్నాడు. అందరూ పందెం అయిపోయిందనే అనుకున్నారు. చివరి పొడవులో ఈ కుర్రవాడు దూరం తరిగించుకుంటూ వచ్చి, గోడ తాకే వేళకు 0.15 సెకన్ల తేడాతో గెలిచాడు. మగవాళ్ళలో అంత చిన్నవయసు ప్రపంచ విజేత అంతకుముందు లేడు. ఆ తర్వాత 400 మీటర్ల పెద్ద పోటీల్లో అతణ్ణి ఓడించినవాడూ లేడు.

సిడ్నీ ఒలింపిక్స్ మొదటిరోజు, 2000 సెప్టెంబరు 16. సొంత ఊరు, సొంత జనం. 400 మీటర్లను 3 నిమిషాల 40.59 సెకన్లలో ఈది, తన ప్రపంచ రికార్డును తనే తిరగరాశాడు. అదే సాయంత్రం మళ్ళీ నీళ్ళలోకి దిగాలి, నలుగురూ తలో వంద మీటర్లు ఈదే రిలేకు. ఒలింపిక్స్‌లో ఆ రిలేను అమెరికావాళ్ళు అంతవరకు ఎప్పుడూ ఓడిపోలేదు. వాళ్ళ ఈతగాడు గారీ హాల్, ఆస్ట్రేలియావాళ్ళను గిటార్లలా విరగ్గొడతామని ముందే కూశాడు. చివరి వందకు ఒకవైపు గారీ హాల్, ఇంకోవైపు థోర్ప్. సగం దూరంలో హాలే ముందు. చివరి కొద్ది మీటర్లలో థోర్ప్ దాటేశాడు. తేడా 0.19 సెకన్లు. గట్టుమీద ఆస్ట్రేలియావాళ్ళు గిటారు వాయిస్తున్నట్టు చేతులు ఆడించారు చూడండి, ఆ దృశ్యం చూసి మా ఇంట్లో అందరం పడిపడి నవ్వాం. మొత్తం మీద ఆ సిడ్నీలో మూడు బంగారాలు, రెండు వెండి. 200 మీటర్లలో మాత్రం హాలండ్‌వాడు పీటర్ వాన్ డెన్ హూగెన్‌బాండ్ చేతిలో ఓడిపోయాడు. ఆ ఓటమిని నాలుగేళ్ళు మనసులో పెట్టుకున్నాడు.

2001లో జపాన్ ఫుకువోకాలో ఒకే ప్రపంచ పోటీల్లో ఆరు బంగారాలు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో 400 మీటర్లు 3 నిమిషాల 40.08 సెకన్లలో. ఆ ఏడే చిన్ననాటి నుంచీ నేర్పిన గురువు డగ్ ఫ్రాస్ట్‌ను వదిలి, బడిలో చిత్రలేఖనం చెప్పే ట్రేసీ మెంజీస్ అనే పంతులమ్మ దగ్గర చేరాడు. గెలుస్తున్న గుర్రాన్ని ఎవరైనా మారుస్తారా అన్నారు చాలామంది. 2003లో బార్సిలోనాలో మళ్ళీ 400 గెలిచాడు. వరుసగా మూడోసారి ప్రపంచ విజేత.

ఇక అసలు కథ. 2004 మార్చి 27. ఏథెన్స్ ఒలింపిక్స్‌కు ఆస్ట్రేలియా జట్టును ఎంపిక చేసే పోటీలు సిడ్నీలో జరుగుతున్నాయి. ఒక్కో పందేనికి దేశం నుంచి ఇద్దరే వెళ్ళాలి. 400 మీటర్ల మొదటి వడపోత. థోర్ప్‌కు ఇది నిద్రలో ఈదినా గెలిచే పందెం. అయిదేళ్ళుగా ప్రపంచ రికార్డు అతనిదే. దిమ్మ మీద ఎక్కి వంగి నిలబడ్డాడు. ఎక్కడో ఏదో చప్పుడు వినబడ్డట్టయింది. తూలాడు. సంకేతం మోగకముందే నీళ్ళలో పడిపోయాడు.

ఒక్క తప్పుకే ఆట నుంచి బయటికి. అదీ నియమం. ప్రపంచ విజేతకైనా, మా చింటూకైనా ఒకటే. ఆస్ట్రేలియా ఈత సంఘంవాళ్ళు అప్పీలు చేశారు. కొట్టేశారు. ఫైనల్లో హాకెట్ మొదటివాడు, క్రెయిగ్ స్టీవెన్స్ అనే ఇరవైమూడేళ్ళవాడు రెండోవాడు. ఆ ఇద్దరికీ టిక్కెట్లు. తన రికార్డు ఉన్న పందేనికి థోర్ప్ లేడు.

దేశమంతా గగ్గోలు. నియమం మార్చాలన్నారు కొందరు. మారిస్తే రేపు అందరికీ మార్చాలన్నారు ఇంకొందరు. నేను రెండోవాళ్ళ పక్షం. కౌంటరులో సాయంత్రం క్యాషు తేడా వస్తే, లెక్కపెట్టింది ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషా, నిన్న చేరిన కుర్రవాడా అని రిజిస్టరు అడగదు. అడగకూడదు. అడగడం మొదలుపెడితే ఆ రిజిస్టరు మీద ఎవరికీ నమ్మకం ఉండదు. చింటూకు కూడా అదే చెప్పాను. "మాస్టారు నీకు ఇంకో ఛాన్సు ఇచ్చి ఉంటే, ఈల కోసం బుద్ధిగా ఆగిన పిల్లలకు అన్యాయం చేసినట్టు కదరా" అంటే వాడు కాదనలేదు, ఔననలేదు.

నియమంలో ఒక్క సందు ఉంది. వేరే పందేలకు థోర్ప్ ఎంపికయ్యే ఉన్నాడు కనుక, ఆ ఇద్దరిలో ఒకరు తమంతట తాము తప్పుకుంటే ఆ చోటు అతనికి ఇవ్వవచ్చు. హాకెట్ తప్పుకునే ప్రశ్నే లేదు. ఇక చూపులన్నీ స్టీవెన్స్ మీద. పత్రికలూ టీవీలూ దాదాపు నెలరోజులు అతని ఇంటివైపే చూశాయి. అతనికి 1500 మీటర్లలోనూ చోటు దొరికింది. ఏప్రిల్ చివర్లో టీవీ ఇంటర్వ్యూలో, తాను 400 మీటర్ల నుంచి తప్పుకుంటున్నానని చెప్పాడు.

2004 ఆగస్టు 14, ఏథెన్స్. థోర్ప్ 400 మీటర్లు 3 నిమిషాల 43.10 సెకన్లలో ఈదాడు. హాకెట్ 0.26 సెకన్లు వెనక. తన రికార్డుకంటే మూడు సెకన్లు ఎక్కువే తీసుకున్నాడు. అతని నాలుగు వందల పందేలలో అందరికంటే బరువుగా ఈదినది ఇదేనని నాకు అనిపించింది. గెలిచాక ఎప్పుడూ నవ్వే మనిషి ఆరోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సొంత డబ్బుతో వ్యాపారం చేసేవాడి మొహం ఒకలా ఉంటుంది, పక్కవాడు జామీను నిలిచిన అప్పుతో చేసేవాడి మొహం ఇంకోలా ఉంటుంది. నాకు ఆ తేడా బాగా తెలుసు.

రెండు రోజుల తర్వాత 200 మీటర్ల పందెం. ఒకవైపు సిడ్నీలో ఓడించిన వాన్ డెన్ హూగెన్‌బాండ్, ఇంకోవైపు అమెరికా నుంచి కొత్తగా మోగుతున్న పేరు మైకేల్ ఫెల్ప్స్. థోర్ప్ 1 నిమిషం 44.71 సెకన్లలో గెలిచి నాలుగేళ్ళ బాకీ తీర్చుకున్నాడు. అక్కడితో అయిదు ఒలింపిక్ బంగారాలు, మొత్తం తొమ్మిది పతకాలు.

తర్వాతి కథ నేను పిల్లవాడికి పూర్తిగా చెప్పలేదు. మీకు చెప్తాను. 2006 నవంబరులో, ఇరవైనాలుగేళ్ళకే, థోర్ప్ ఈత చాలించుకున్నాడు. 2011లో మళ్ళీ మొదలుపెట్టాడు గాని 2012 లండన్‌కు ఎంపిక కాలేకపోయాడు. ఆ ఏడే వచ్చిన ఆత్మకథలో, ఏళ్ళ తరబడి తీవ్రమైన మానసిక కుంగుబాటుతో బాధపడ్డానని, తాగుడుతో దాన్ని అణచుకోవాలని చూశానని, చనిపోవాలని కూడా ఆలోచించానని రాశాడు. ఇంట్లోవాళ్ళకు సైతం చెప్పుకోలేదట. 2014లో టీవీ ఇంటర్వ్యూలో తాను స్వలింగ ప్రేమికుణ్ణని చెప్పుకున్నాడు. కుర్రతనం నుంచీ పత్రికలవాళ్ళు అదే అడగడం, అతను కాదనడం, ఆ కాదన్న మాటను మోసుకుంటూ తిరగడం. ప్రపంచమంతా అతని సెకన్లు లెక్కపెట్టింది. పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ.

ఇక రికార్డు సంగతి. 3 నిమిషాల 40.08 సెకన్లు అంటే సెకనుకు సుమారు ఒక మీటరూ ఎనభైరెండు సెంటీమీటర్లు, గంటకు ఆరున్నర కిలోమీటర్లు. పొద్దున్న వాకింగులో చురుగ్గా నడిచేవాడి వేగం, అదీ నీళ్ళలో! 2009లో రోమ్‌లో జర్మనీవాడు పాల్ బీడెర్మాన్ దాన్ని ఒక్క సెకనులో నూరోవంతు తేడాతో దాటాడు. దూరంలో లెక్కవేస్తే రెండు సెంటీమీటర్లు కూడా లేదు, బొటనవేలి వెడల్పు. ఒంటిని తేలికగా తేల్చే ప్లాస్టిక్ దుస్తుల రోజులవి. దుస్తుల సాయం ఉందని అతనే ఒప్పుకున్నాడు. 2010 నుంచి వాటిని నిషేధించారు, రికార్డును మాత్రం అలాగే ఉంచారు. 2025 ఏప్రిల్‌లో మరో జర్మనీవాడు లూకాస్ మార్టెన్స్ 3 నిమిషాల 39.96 సెకన్లలో ఈది, 3.40 లోపల ఈదిన మొదటి మనిషయ్యాడు. ఆ దుస్తుల ముచ్చట లేకుండా థోర్ప్ అంకెను అందుకోవడానికి లోకానికి ఇరవైరెండేళ్ళు పైనే పట్టింది.

ఇంతా చెప్పి, ఏథెన్స్‌లో థోర్ప్ గెలవడం దగ్గర కథ ఆపాను. చింటూకు ధైర్యం చెప్పాలనే కదా నా ఉద్దేశం. "చూశావా, పడ్డవాడు మళ్ళీ లేచి గెలిచాడు" అన్నాను. వాడు బజ్జీ కొరుకుతూ కాసేపు ఆలోచించి, "మరి ఆ రెండో ఆయన ఏమయ్యాడు తాతా?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకంటే వంటింటి గుమ్మం దగ్గర మా అక్క చేతిలో గరిటెతో నిలబడి కథంతా వింటోంది.

ఆమె ముందు నేను చెప్పుకోవలసిన కథ ఇంకొకటి ఉంది. మా నాన్న బళ్ళారిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తా. 1987లో నేను సెకండ్ పి.యు.సి.లో స్టాటిస్టిక్స్ తప్పాను. చదవక కాదు, చదివిన పొగరుతో. పై పరీక్షకు కూర్చుని పాసయ్యేసరికి ఒక ఏడాది పోయింది. 1988లో నాకు బి.కాం. సీటు వచ్చింది. అదే ఏడు, అప్పటికే ఇంట్లో రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న మా అక్కకు టి.సి.హెచ్. సీటు వచ్చింది. టీచరమ్మ కావాలని దానికి చిన్నప్పటి నుంచీ కోరిక. రెండూ హాస్టలులో ఉండి చదవవలసినవే. చేరేటప్పుడు ఒక్కసారిగా కట్టే డబ్బే ఎక్కువ. నాన్న దగ్గర ఉన్నది ఒక్కరికి సరిపోయేది. నేను ముందటేడే పాసై ఉంటే ఆ కట్టుబడి అప్పుడే అయిపోయి, ఆ ఏడు డబ్బు అక్కకు ఉండేది. నేను తూలి పడ్డది సరిగ్గా ఆమె చోట్లో.

"తమ్ముడు చదువుకోనీ నాయనా, నేను వచ్చేడు చూస్తాలే" అంది అక్క. వచ్చే ఏడు పెళ్ళి చేశారు. నేను బి.కాం. చేశాను, 1993లో బ్యాంకి పరీక్ష రాసి గుమాస్తాగా చేరాను, ఆఫీసరునయ్యాను, ఈ ఊళ్ళో ఇల్లు కట్టాను. మా అక్క త్యాగం గురించి నలుగురిలో చాలాసార్లు చెప్పాను. ఆమెను మాత్రం ఒక్కసారీ అడగలేదు.

బ్యాంకిలో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఎవరికి చెందాలో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో వేస్తాం. తాత్కాలికంగానే. ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళు మొట్టమొదట దాన్నే తెరిచి, ఇది ఇన్నాళ్ళు ఎందుకు తేల్చలేదని నిలదీస్తారు. మా ఇంటి ఖాతాలో మూడు పదులు దాటినా తేలని పద్దును చింటూగాడు ఆ పొద్దున తెరిచాడు.

ఆ రాత్రి పిల్లవాడు నిద్రపోయాక, అక్క వరండాలో కూర్చుని మర్నాటికి కరివేపాకు దూస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "అక్కా, ఆ సీటు వదులుకున్నప్పుడు నీకు బాధ అనిపించలేదా?" అన్నాను.

చేతిలో పని ఆపలేదు. "యాల అనిపించదురా? అనిపించింది. రెండు నెల్లు నీతో సరిగా మాట్లాడలేదు. నువ్వు కనుక్కోలేదు, కొత్త చొక్కాలు కుట్టించుకునే తొందరలో ఉన్నావు."

"మరి నువ్వే ఇస్తానన్నావు కదా."

"అన్నాను. అమ్మా నాన్నా ఇద్దరూ నా మొగమే చూస్తాండ్రి. ఇవ్వనని చెప్పే వీలు నాకెక్కడుండె? ఆ స్టీవెన్స్ అనే ఆయన మొగం కూడా ఊరంతా అట్లే చూసింటారు."

నేను తల దించుకున్నాను. నెల్లాళ్ళు దేశం చూపులన్నీ మీద ఉండగా ఇచ్చినదాన్ని పూర్తిగా ఇష్టంతో ఇచ్చినదని మనం ఎలా అనగలం? అట్లాగని అది ఇవ్వడం కాకుండా పోతుందా? ఇరవై ఏళ్ళుగా ఆ కథను నేను చెప్పుకుంటున్నా, ఈ ప్రశ్న నాకు తట్టలేదు. అది తట్టాలంటే ఆ చోటు వదులుకున్న మనిషి అయి ఉండాలి.

కాసేపాగి తనే అంది: "నువ్వు ఫెయిలయినావని నాకు కోపం రాలేదురా. నువ్వు బ్యాంకిలో చేరిన పొద్దు నేను రెండో కాన్పుకు వచ్చి ఇంట్లోనే ఉన్నా. స్వీటు తెచ్చినావు. నాన్న కాళ్ళకు మొక్కినావు, అమ్మ కాళ్ళకు మొక్కినావు. నా దిక్కు తిరిగి, 'అక్కా, టీ పెట్టు' అన్నావు. కోపం వచ్చింది ఆ పొద్దు."

నాకు ఆ టీ గుర్తే లేదు. ఆమెకు తేదీతో సహా గుర్తుంది.

క్షమించమందామనుకున్నాను. నోరు పెగిలేలోపు ఆమే, "ఇంతకీ ఆయన ఏమయినాడు? పిల్లవాడు అడిగినదానికి నువ్వు చెప్పనే లేదు. ఈత మానేసినాడా?" అంది.

"మానలేదక్కా. ఏథెన్స్‌కు వెళ్ళాడు. 200 మీటర్ల చొప్పున నలుగురు ఈదే రిలేలో మొదటి వడపోతకు ఈదాడు. ఫైనల్లో థోర్ప్‌వాళ్ళు ఈదితే అమెరికాకంటే 0.13 సెకన్ల తేడాతో వెండి వచ్చింది. వడపోతలో ఈదినవాళ్ళకూ పతకం ఇస్తారు. కాబట్టి ఆయనకూ వెండి పతకం ఉంది."

"మంచిదాయె," అంది. గిన్నె పట్టుకుని లేచింది. "రేపు వాడికి చెప్పు. వాడు పడుకునేటప్పుడు కూడా అదే అడిగినాడు."

మా అక్క హొసపేటలో ఇంటి వరండాలో సాయంత్రాలు వీధిలోని పిల్లలకు లెక్కలు, కన్నడం చెప్తుంది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టింది, ఇప్పటికీ ఆపలేదు. ఇస్తే తీసుకుంటుంది, లేకపోతే లేదు. ఆ వీధిలో ఆమెను అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. అది నేను ఇన్నేళ్ళూ ఏదో మర్యాద పిలుపు అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత వాళ్ళను హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి స్టేషనుకు వెళ్ళాను. చింటూ కిటికీ దగ్గర కూర్చుని, వచ్చే ఏడు ఈల మోగిందాకా కదలనని నాకు ఒట్టు పెట్టాడు. బండి కదిలేముందు నేను వంగి మా అక్క కాళ్ళకు మొక్కాను. "ఇదేమిరా నడి ప్లాట్‌ఫారం మీద, అందరూ చూస్తాండారు" అని కసిరింది గాని, చెయ్యి మాత్రం నా తల మీదే ఉంచింది.

దీంతో బాకీ తీరిందని నేను అనుకోవడం లేదు. కొన్ని బాకీలు తీరేవి కావు. కనీసం పద్దు సరైన ఖాతాలోకి మారింది.

మన సంఘంలో మూడు నాలుగు తరాలుగా పరాయి రాష్ట్రాల్లో స్థిరపడి, పిల్లల్ని చదివించుకుని పైకి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. ఏ ఇంటి కథ విప్పినా అందులో పైకి వచ్చిన ఒకరు, వాళ్ళకోసం పక్కకు జరిగిన ఒకరు ఉంటారు. అక్కో, అన్నో, పిన్నో, మేనత్తో. పండగలకు వాళ్ళూ వస్తారు, మనం నమస్కారం పెడతాం, భోజనాలు చేస్తాం. ఈసారి వచ్చినప్పుడు పక్కన కూర్చుని, అప్పుడు మీకెలా అనిపించిందని ఒక్క మాట అడిగి చూడండి. జవాబు మీకు నచ్చకపోవచ్చు. అయినా అడగండి. టీ మాత్రం మీరే పెట్టండి.